ఈరన్న రాయని పటం

రెండక్షరాల మాట ఒకటి చెప్పవలసిన చోట నేను చెప్పలేదు. నలభై ఏళ్ళు దాటింది. అప్పటినుంచి ఆ మాటను మోస్తూనే ఉన్నాను. నా భార్యకు చెప్పలేదు, ఆమె కాలం చేసింది. పిల్లలకు చెప్పే ధైర్యం లేదు. వాళ్ళ లెక్కలో నేను ఆదోనిలో ఫోటోలు తీసి, మర్యాదగా బతికి, ముగ్గురిని చదివించిన తండ్రిని. ఆ మర్యాద ఎలా వచ్చిందో వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. అందుకని మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. నా పేరుతో మీకు పని లేదు. నన్ను క్షమించమని అడగను, ఎందుకంటే క్షమించవలసిన మనిషి మీరు కాదు. వినండి, చాలు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆదోనిలో పత్తి బజారుకు దగ్గరగా నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. సీజన్‌లో మిల్లుల నుంచి దూది పింజలు గాలిలో తేలివచ్చి కెమెరా గుడ్డ మీదా, నా మీసాల మీదా వాలేవి. పెళ్ళి ఫోటోలు, గ్రూపు ఫోటోలు తీసేవాణ్ణి. పని ఉండేది, పేరు ఉండేది కాదు.

పత్తిలోనూ ధాన్యంలోనూ బాగుపడ్డ ఇళ్ళవాళ్ళకు ఫోటో అంటే చిన్నచూపు. ఫోటో ఎవడైనా తీయించుకుంటాడు. మిల్లులో కూలి చేసేవాడు కూడా జాతర నాడు భార్యను పక్కన నిలబెట్టుకుని తీయించుకుంటాడు. పోయిన పెద్దల్ని నట్టింట్లో గోడకు పెట్టుకోవాలంటే పటమే కావాలి. గుడ్డ మీద, చేత్తో, రంగులతో రాసిన పటం. మా వైపు బొమ్మ వేయడాన్ని రాయడమనే అంటారు. ఆ పటం రాయాలంటే ఎమ్మిగనూరు ఈరన్నే రాయాలి.

ఈరన్న మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. నాకంటే పాతికేళ్ళు పెద్ద. ఆయన ఎలా రాసేవాడో కొంచెం చెప్పాలి. అది చెప్పకపోతే నేను పాడుచేసిందేమిటో మీకు తెలియదు.

పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి రెండు మూడు రోజులు ఊరికే కూర్చునేవాడు. గడ్డం ఎవరికొచ్చింది, నవ్వు ఎవరికొచ్చింది అని అడిగేవాడు. కొడుకు గడ్డమూ, కూతురి ముక్కూ, మనవడి చెవులూ చూసి పోయిన మనిషిని మళ్ళీ కూడగట్టేవాడు. తన మగ్గం మీద తానే నేసిన గుడ్డకు సుద్దా జిగురూ పట్టించి, ఆరాక దాని మీద రాసేవాడు. నెల పట్టేది, ఒక్కోసారి రెండు నెలలు. అంతా రాసి కళ్ళు మాత్రం రాయడు. కళ్ళ చోట తెల్లగా వదిలేసి పటాన్ని ఆ ఇంటికే తెచ్చేవాడు. ఆ ఉదయం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు. ఇంటివాళ్ళందరినీ ఎదురుగా కూర్చోబెట్టి, దీపం వెలిగించాక, అప్పుడు కనుపాపలు పెట్టేవాడు. కుంచె ఆనించే ముందు మెల్లగా ఒక మాట అనేవాడు: "సూడమ్మా, అందరూ వచ్చినారు." మగవాళ్ళ పటమైతే "సూడప్పా" అనేవాడు. ఆ మాటకు కళ్ళ నీళ్ళు పెట్టుకోని మనిషి ఆ ఇంట్లో ఉండేవాడు కాదు. దీన్ని కన్ను తెరవడం అనేవారు. కన్ను తెరిచాకే అది పటం. అప్పటిదాకా వట్టి రంగుగుడ్డ. కింద మూలలో సంతకం బదులు వేలి గోరంత నాడె బొమ్మ వేసేవాడు. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె. అది ఆయన గుర్తు.

మొదట నేను తప్పు చేయలేదు. ఆదోనిలో పటం కావలసినవాళ్ళు నా దగ్గరికొస్తే, వాళ్ళ పెద్దల ఫోటో ఏదైనా ఉంటే పెద్దది చేసి ఈరన్నకు పంపేవాణ్ణి. ఆయన దాన్ని పక్కన పెట్టుకుని రాసేవాడు. ఇద్దరికీ బాగుండేది. అంతటితో ఆగి ఉంటే ఈ కాగితం రాసే అవసరం వచ్చేది కాదు.

కానీ గోనెగండ్ల నుంచి, హొళగుంద నుంచి కూడా మనుషులు రావడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరిది ఒక్కో కోరిక. మా నాయనకు బట్టతల ఉండేది, రుమాలు చుట్టి రాయించు. మా అమ్మ పోయేనాటికి ముతక చీరలో ఉంది, పట్టుచీర కట్టించు, ముక్కుపుడక పెద్దది పెట్టించు. హొళగుంద నుంచి వచ్చిన ఒకాయనకు తండ్రి వెనక మైసూరు రాజుగారి మేడ, అంబావిలాసం కావాలి. ఆ తండ్రి బళ్ళారి దాటి ఎరగడు. అందరికీ ఉమ్మడి కోరిక ఒకటే. తెల్లగా ఉండాలి. ఈరన్న ఇవేవీ వినేవాడు కాదు. నల్లగుండే అమ్మను తెల్లగా రాస్తే బిడ్డలు యాడ గుర్తుపడతారప్పా అని నన్నే అడిగేవాడు. తొందరపెడితే నవ్వేవాడు. బేరాలు వచ్చి వెనక్కి పోతుంటే నాకు కడుపు మండేది. ముసలాయన చాదస్తానికి నేనెందుకు నష్టపోవాలి? అప్పుడు నాకు అలాగే అనిపించింది. ఇప్పుడూ ఆ కోపం కొంచెం గుర్తుంది, అందుకే సిగ్గు.

చివరికి ఈరన్న పటాల్లాంటివి నేనే తయారుచేయడం మొదలుపెట్టాను. ఎలా చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు. నా తెలివే. పెద్దది చేసిన ఫోటో కాగితాన్ని తడిపి, వెనక పొరలు పొరలుగా ఒలిచి, సిగరెట్టు కాగితమంత పలచన చేసేవాణ్ణి. దాన్ని ముతక గుడ్డకు జిగురుతో అంటించి పైన బరువు పెడితే, ఆరేసరికి గుడ్డ నేత అచ్చంగా పైకి తేలేది. దూది ముక్కతో రంగులు అద్దేవాణ్ణి. ముఖానికి గులాబీ రంగు, చీరకు జరీ, వెనక నీలం తెర. చివర వార్నిష్‌ను గట్టి కుంచెతో గీతలు గీతలుగా పూస్తే ఎవరైనా సరే చేత్తో రాసిన పటమే అంటారు. నాలుగు రోజుల పని. కింద మూలలో చిన్న నాడె.

నాడె వేసిన మొదటిసారి చెయ్యి వణికిందని రాస్తే బాగుండేది. వణకలేదు. అచ్చం ఆయన వేసినట్టే వచ్చిందని సంతోషపడ్డాను.

ఒకటే చిక్కు. ఫోటోలో కళ్ళు ముందే తెరుచుకుని ఉంటాయి. కన్ను తెరవకుండా పటాన్ని ఏ ఇల్లూ తీసుకోదు. దానికీ ఉపాయం దొరికింది. కళ్ళ మీద సుద్ద ముద్ద పూసి తెల్లగా కప్పేసేవాణ్ణి. అక్కడ మాత్రం వార్నిష్ వేయకుండా వదిలేవాణ్ణి. ఇంటివాళ్ళ ముందు తడి కుంచెతో నెమ్మదిగా తుడిస్తే సుద్ద కరిగి, కింద ఉన్న కళ్ళు మెల్లగా బయటపడేవి. ఆ సంవత్సరం ఎండాకాలంలో ఈరన్నకు పెద్ద జ్వరం వచ్చింది. వారాల తరబడి మంచం మీద ఉన్నాడు. అది నాకు కలిసొచ్చింది. పటం ఆయనే రాశాడు, ఒంట్లో బాగలేక కన్ను తెరిచే పని నాకు అప్పగించాడు అని చెప్పేవాణ్ణి.

గోవిందయ్య శెట్టి ఇంట్లో కూడా అదే చెప్పాను. శెట్టి పత్తి వ్యాపారి. వాళ్ళమ్మ లక్ష్మమ్మ పోయి ఏడాది కాబోతోంది. ఆవిడ ముఖం ఉన్నది ఒక్క గ్రూపు ఫోటోలోనే, అదీ నేను తీసిందే. ఆ ఇంట్లో శెట్టి చెల్లెలు తాయమ్మ ఉండేది. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. తల్లి ఉన్నంతకాలం తల్లి చాటున బతికింది. తల్లి పోయాక ఆ ఇంట్లో ఆమెను పేరుపెట్టి పిలిచే మనిషే తక్కువ. కన్ను తెరిచే రోజు ఆమె అందరికంటే వెనక, స్తంభం పక్కన కూర్చుంది.

నేను ఆ ఉదయం ఉగ్గాని తిని వెళ్ళాను. అది కూడా రాయాలి. తడి కుంచె పట్టుకుని, ఈరన్న గొంతు ఎలా ఉంటుందో అలాగే తగ్గించి, "సూడమ్మా, అందరూ వచ్చినారు" అన్నాను. సుద్ద కరిగింది. లక్ష్మమ్మ కళ్ళు తెరుచుకున్నాయి. తాయమ్మ పెద్దగా ఏడ్చింది. శెట్టి అంతటివాడు నాకు చేతులు జోడించాడు. ఎందుకు చేశావని నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. డబ్బు కోసమే అనుకుంటే సులువుగా ఉంటుంది. కాదు. ఫోటోలు తీసేవాడికి ఎవడూ చేతులు జోడించడు. నాకు అది కావలసి వచ్చింది.

తర్వాత జరిగినదానికి కారణం నీళ్ళు. ఫోటోను హైపో అనే ఉప్పుమందులో ముంచాక గంటసేపు పారే నీళ్ళలో కడగాలి. లేకపోతే ఆ మందు కాగితంలోనే ఉండిపోయి బొమ్మను లోపలినుంచి తినేస్తుంది. ఎండాకాలంలో ఆదోనిలో నీళ్ళ సంగతి ఆ ఊరివాళ్ళనే అడగండి. తాగడానికి బిందె దొరికితే గొప్ప. నేను రెండు బక్కెట్లలో జాడించి సరిపెట్టేవాణ్ణి. వార్నిష్ ఉన్నచోట ఎలాగో నిలబడింది. వార్నిష్ లేనిది కళ్ళ దగ్గర. పైగా అక్కడ తడి తగిలించిందీ నేనే. రెండేళ్ళు తిరిగేసరికి లక్ష్మమ్మ పటంలో ముందుగా కళ్ళు పోయాయి.

మొదట చూసింది తాయమ్మ. రోజూ ఆ పటానికి దీపం పెట్టేది ఆమే. కనుపాపలు పసుపుపచ్చగా మారి, పలచబడి, ఒకరోజు పూర్తిగా లేకుండా పోయాయి. అమ్మ నన్ను చూడడం మానేసింది అని ఆమె అన్నం మానేసింది. నావల్ల ఏం తప్పు జరిగిందో చెప్పమ్మా అని పటం ముందు కూర్చుని గంటలు గంటలు అడిగేదట. శెట్టికి కోపం వచ్చింది. పటం రాసినవాడు వచ్చి జవాబు చెప్పాలి అని ఎమ్మిగనూరుకు మనిషిని పంపాడు. నాకూ కబురొచ్చింది.

ఈరన్న ఉతికిన పంచె కట్టుకుని, రంగుల సంచి భుజాన వేసుకుని బస్సులో వచ్చాడు. కొత్త పటం కోసం పిలిచారనుకున్నాడు. పటం ముందు నిలబెట్టారు. అప్పటికే ఆయన కళ్ళకు పొర కమ్ముతోంది. ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. బొటనవేలితో గుడ్డ అంచు రాసి చూశాడు. ఇది నా గుడ్డ కాదు అన్నాడు. మూలలో నాడె ఉంది కదా అన్నాడు శెట్టి. జ్వరంగా ఉందని కన్ను తెరవడానికి ఈ ఫోటో ఆయన్ను పంపింది నువ్వే కదా అన్నాడు. ఈరన్న నా వైపు తిరిగాడు. అందరూ నా వైపు తిరిగారు. తాయమ్మ కూడా స్తంభం పక్కనుంచి చూస్తోంది.

అప్పుడు నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది. "పెద్దాయన మరిచిపోయినాడు శెట్టిగారూ. జొరంలో రాసిచ్చినాడు. కండ్లు కూడా మసకలైనాయి గదా" అన్నాను.

అంత తేలిగ్గా నమ్మారు. చొక్కా ప్యాంటు వేసుకుని, బజారులో దుకాణం పెట్టుకున్నవాడి మాట. కళ్ళు సరిగా కనపడని సాలె ముసలాయన మాట. ఎవరిది నమ్ముతారు? కొత్తది ఊరికే రాసిస్తానన్నాడు ఈరన్న. వద్దన్నాడు శెట్టి. చూపు లేని చేత్తో ఇంకెవరి ఇంటికీ కీడు తేవద్దు అన్నాడు. పటం బాగుచేసే పని నాకే అప్పగించారు. నల్ల సిరా తీసుకుని రెండు కనుపాపలు పెట్టాను. శెట్టి సరే అన్నాడు. ఇవి మా అమ్మ కండ్లు కావు అంది తాయమ్మ. ఆ తర్వాత ఆమె ఆ పటానికి దీపం పెట్టలేదని విన్నాను.

ఇంతవరకైతే నేను ఒక మోసగాణ్ణి. మోసగాళ్ళు బజారునిండా ఉంటారు. నన్ను నిద్రపోనివ్వనిది దీని తర్వాతది.

రెండు వారాలకు, పొద్దున దుకాణం తెరిచి అద్దాలు తుడుస్తుంటే ఈరన్న వచ్చాడు. ఫోటోకు కూర్చునేవాళ్ళ కోసం పెట్టిన స్టూలు మీద కూర్చున్నాడు. గొడవకు వచ్చాడనుకున్నాను. తయారుగా నాలుగు మాటలు కూడా అనుకున్నాను. ఆయన గొడవపడలేదు.

"అప్పా, ఒకటి అడుగుతా. నిజం సెప్పు."

"అడుగు ఈరన్నా."

"ఆ పటం నేనేనా రాసింది?"

నేను గుడ్డ మడత తిప్పి ఇంకో అద్దం అందుకున్నాను.

"జొరంలో నాకు దినాలు తెలీలేదు. ఇంటిదాన్ని అడిగితే మంచమే దిగలేదు కదా అంటాది. నువ్వేమో నేనే ఇచ్చినా అంటివి. నువ్వు నాతో అబద్ధం సెప్పేటోడివి కాదు. అందుకే యోచన సేస్తాండా. తెలివి లేకుండా ఉన్నప్పుడు ఈ సెయ్యి అట్లాంటిది రాసిందేమో అని. రాసుంటే సెప్పప్పా, మొగమాటం వద్దు. కుంచె కింద పెడతా. కండ్లు నిలబడని పటం రాసి ఇంకో ఇంట్లో ఆడబిడ్డను ఏడిపించేది నాకు వద్దు."

రెండక్షరాలు. 'కాదు' అంటే అయిపోయేది. దుకాణంలో ఇంకెవరూ లేరు. శెట్టికి చెప్పవలసిన పని కూడా లేదు. ఆయనొక్కడికి చెబితే చాలు. ఆ ముసలాయన ఎవరితోనూ అనేవాడు కాదు. తన చెయ్యి తనదేనని తెలుసుకుని, మళ్ళీ బస్సెక్కి ఇంటికి పోయేవాడు. ఇన్ని తెలిసి కూడా నేను అద్దం తుడుస్తూనే ఉన్నాను.

"నువ్వే రాసినావు ఈరన్నా."

"నేనేనా?"

"నువ్వే."

కొంచెంసేపు తన కుడి చెయ్యి తిప్పి చూసుకున్నాడు. లేచాడు. "సెప్పి మంచి పని సేసినావప్పా" అన్నాడు. తనకు మేలు చేసినవాడికి చెప్పినట్టు చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆయన మళ్ళీ కుంచె పట్టలేదు. ఎమ్మిగనూరులో ఎవరి మగ్గానికో నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చునేవాడని విన్నాను. చూడడానికి నేను వెళ్ళలేదు. ఆ ఊరి మీదుగా నందవరం పోవలసి వచ్చినప్పుడు కూడా బస్సులో కిటికీకి దూరంగా కూర్చునేవాణ్ణి.

నేను మానానా? మానలేదు. కన్ను తెరిచాక కళ్ళ మీద కూడా వార్నిష్ పూసి, ఇంకో నాలుగేళ్ళు పటాలు అమ్మాను. నాడె తీసేసి నా పేరే వేసుకున్నాను. ఈరన్న కంటే ఈయనే బాగా రాస్తాడు, తెల్లగా రాస్తాడు అన్నారు. ఆ మాట విని కాదనలేదు.

ఒక ప్రశ్న మాత్రం తెగదు. కొడుకు గడ్డం చూసి తండ్రి ముఖం పట్టుకునే మనిషి ఆయన. ముఖాలు చదవడమే పనిగా బతికిన మనిషి. నాలుగడుగుల దూరంలో నిలబడ్డ నా ముఖంలో అబద్ధం కనపడలేదా? కనపడే ఉంటే, ఎందుకు అడిగాడు? నాకొక అవకాశం ఇవ్వడానికా? నా నోటితో నేనే చెప్పి బయటపడతానని రెండోసారి కూడా 'నేనేనా' అన్నాడా? లేక నిజంగానే నమ్మాడా, నన్ను నమ్మి తన చేతిని అనుమానించాడా? ఈ రెండింటిలో ఏది నిజమైతే నాకు తేలికో అప్పుడప్పుడు చూసుకుంటాను. ఏదీ తేలిక కాదు. తెలిసి అడిగి ఉంటే నన్ను చూసి జాలిపడ్డాడు. తెలియక అడిగి ఉంటే, చచ్చేదాకా తన చేతిని తానే అసహ్యించుకున్నాడు. అంతమంది కళ్ళు తెరిచిన చెయ్యి అది.

ఈరన్న పోయాడని కొన్నేళ్ళకు తెలిసింది. వాళ్ళింట్లో ఆయన బొమ్మ ఒక్కటీ లేదట. ఊరందరివీ రాశాడు, తనది రాసుకోలేదు. నా దగ్గర ఒక నెగెటివ్ ఉంది. మంచి రోజుల్లో ఒకసారి దీపాలు సరిచూసుకోవడానికి ఆయన్ను ఆ స్టూలు మీదే కూర్చోబెట్టి తీసింది. దాన్ని అచ్చువేశాను. రంగు అద్దలేదు, గుడ్డకు అంటించలేదు. పారే నీళ్ళలో గంట కాదు, రెండు గంటలు కడిగాను. నా బతుకులో అంత బాగా కడిగిన ఫోటో ఇంకొకటి లేదు. ఎమ్మిగనూరు తీసుకెళ్ళి ఆయన భార్య చేతికి ఇద్దామనుకున్నాను. ఇస్తే ఆమె నాకు చేతులు జోడిస్తుంది. ఆ భయంతో వెళ్ళలేదు. ఆమె కూడా బొమ్మ లేకుండానే పోయింది.

ఆ ఫోటో ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఇవాళ బయటికి తీసి, ఈ కాగితం పక్కనే పెట్టుకుని రాస్తున్నాను. చెక్కుచెదరలేదు. కళ్ళు నల్లగా, స్పష్టంగా, నేనేం చెబుతానా అన్నట్టు చూస్తున్నాయి. ఆయన అడిగింది రెండుసార్లు. జవాబు చెప్పడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. వినడానికి ఆయన లేడు. మీరున్నారు, అంతే.

కాదు ఈరన్నా. నువ్వు రాయలే. అది నేను సేసింది. నీ సెయ్యి ఏ తప్పూ సేయలే.